మచ్చల అద్దం

గృహప్రవేశం ఒక్క రోజుకని ఎండాకాలంలో ఇచ్చిన అద్దం, వానలు పడి నాట్లు అయిపోయినా తిరిగి రాలేదు. ఎప్పుడడిగినా నా మనవరాలు అలేఖ్య "రేపు తెస్త అమ్మమ్మా" అనేది. తను సూర్యాపేటలో ఆఫీసు పెట్టి ఇళ్లకు ఇంటీరియర్ పని చేస్తుంది. కోదాడలో సత్యవతి గారి ఇల్లు తన మొదటి పెద్ద పని. తెల్లటి గోడలు, నగిషీల్లేని సాదా సామాను, మధ్యలో ఒక్క పాత వస్తువు ఉంటేనే మోడర్న్ ఇంటికి ప్రాణమొస్తుందని చెప్పి, మిర్యాలగూడలో నా గది గోడకున్న అద్దం తీసుకుపోయింది.

ఆ అద్దం మా అక్క లక్ష్మీబాయిది. నేను దాని ముందు కూర్చుంటే అక్క వెనక నిలబడి నాకు జడ వేసేది. తడి కొంగుతో రోజూ తుడిచేది. ఆ తడి దిగి దిగి కింది మూలన వెనక పూసిన రసం ఊడి మచ్చలు పడ్డాయి. అక్క పోయినప్పటి నుంచి, ఆ మచ్చలు చూడకుండా నేను తల దువ్వుకున్నది లేదు.

చివరికి నేనే బయలుదేరాను. కారు అలేఖ్య నడిపింది.

"అడగంగనే ఇస్తదంటవా?"

"ఇస్తది అమ్మమ్మా."

"ఇయ్యకపోతే?"

"ఇంక నేరేడుచర్ల కూడ దాటలే. కోదాడ దాంక గిట్లనే అడుగుతవా? గాడికి పోయి లొల్లి మాత్రం చెయ్యకు."

సత్యవతి గారు నవ్వుతూ ఎదురొచ్చింది. హాల్లో గోడకు నా టేకు చట్రం కనిపించగానే గబగబా దాని ముందుకు పోయాను. నా ముఖం మీది ప్రతి ముడతా కనిపించింది. అద్దం మీద ఒక్క మచ్చ లేదు.

"అద్దం ఏదమ్మా?"

"ఇదేగా పెద్దమ్మా, మీ ముందే ఉంది!"

"ఇది చట్రం. నా అద్దం ఏది?"

"ఓ, గ్లాసా? మార్పించాం. వచ్చినవాళ్లంతా తుడవడం లేదా అని అడుగుతున్నారు. ఎంతమందికని చెప్తాం? అయినా పాతదంటే ఫ్రేమే కదండీ."

అలేఖ్య ముఖం కందిపోయింది. "ఆంటీ, నన్నొక్క మాట అడగాలె గద! వింటేజ్ అంటే ఆ మచ్చలే."

"మచ్చలకి కూడా పేరు పెట్టారా అమ్మాయ్!"

నేను చట్రాన్ని తడిమాను. "పలగ్గొట్టిండ్రా?"

"అయ్యో, అద్దం పగలగొట్టుకుంటామా? వెనకాల వాష్ ఏరియాలో ఉంది."

వాషింగ్ మెషీనుకూ గోడకూ నడుమ నిలబెట్టి ఉంది, తప్పు చేసిన పిల్లలా ముఖం గోడకు పెట్టుకుని. తిప్పి చూశాను. మచ్చలన్నీ ఉన్నాయి. చట్రం ఆమెకే వదిలేస్తానని చెప్పి, తెచ్చుకున్న దుప్పట్లో చుట్టసాగాను. సత్యవతి గారు వచ్చి తలుపుకు అడ్డం నిలబడింది.

"పెద్దమ్మా, ఇవ్వాళ శుక్రవారం!"

నా చేతులు ఆగిపోయాయి.

"అద్దమంటే లక్ష్మి. కొత్త ఇల్లు. శుక్రవారం పూట గడప దాటిస్తానా?"

"ఆంటీ, చెయ్యి ఊపితే వెలిగే లైట్లు పెట్టించుకున్నరు, ఇంక గిదేంది?" అంది అలేఖ్య.

"లైట్లకి వారాలుండవమ్మాయ్."

ఏదైనా అనమన్నట్టు అలేఖ్య నావైపు చూసింది. ఏమనను? శుక్రవారం నాడు పక్కింటావిడ ఉప్పడిగినా ఒట్టి చేతులతో పంపేదాన్ని నేను. అది అక్క నేర్పిందే. ఈరోజు మొండికేసి పట్టుకుపోతే, రేపు ఈ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా నాకు నిద్ర పట్టదు. కోపమొచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

"రేపు రండి, నేనే ఇస్తాగా," అంది సత్యవతి గారు.

"రేపు నాకు పనుంది. ఎల్లుండి మనిషిని పంపిస్త," అంది అలేఖ్య. "నడువు అమ్మమ్మా."

రేపు, ఎల్లుండి. అక్క కూడా రేపొస్తనని చెప్పే దవాఖానకు పోయింది. ఆ రోజు నేను గుమ్మంలో నిలబడి సరేనన్నాను. ఇంకోసారి అనలేను.

బోర్లించిన బకెట్టు అద్దం పక్కకు జరుపుకుని దాని మీద కూర్చున్నాను.

"నువ్వు పో బిడ్డా."

"ఏంది అమ్మమ్మా, లొల్లి చెయ్యకంటి గద!"

"లొల్లెక్కడ? గిది గడప దాటొద్దంటున్నది ఆమె. మంచిగనే అంటున్నది. దాటేదాంక నేనిక్కడనే ఉంట."

"పెద్దమ్మా, ఇక్కడా! హాల్లోకన్నా రండి."

"నీ కుర్చీలకు వీపుల్లేవు తల్లీ. గీడ గోడన్న ఉన్నది."

అలేఖ్య నెత్తి పట్టుకుంది. సత్యవతి గారు నన్నూ అద్దాన్నీ మార్చి మార్చి చూసి, పెద్దగా నిట్టూర్చింది.

"రాత్రికి అన్నం తింటారా, చపాతీలు చెయ్యనా?"

"అన్నమే. జర కారం తక్కువేయి."