పక్క కుర్చీ

గుంటూరులో యలమంద గారి మిర్చి కోల్డ్ స్టోరేజీకి సాఫ్ట్‌వేర్ రాసింది కరుణాకర్. కాంట్రాక్టు మనిషి. ఏ బస్తా ఏ గదిలో ఉందో ఆ కంప్యూటరే చెప్పాలి. అది ప్రతి ఒకటో తారీఖునా మొరాయించేది. కరుణాకర్ పొన్నూరు నుంచి వచ్చి, రెండు నిమిషాల్లో బాగుచేసి, డబ్బు పుచ్చుకుని వెళ్లేవాడు.

రెండువేల మూడులో యలమంద గారికి కొత్త పిచ్చి పట్టింది. పెయిర్ ప్రోగ్రామింగట! ఒకే కంప్యూటర్ ముందు ఇద్దరు కూర్చుని, ఒకరు రాస్తుంటే ఇంకొకరు చూడాలట. అందుకోసం తేజశ్రీ అనే ఇంకో కాంట్రాక్టు అమ్మాయిని తెచ్చాడు.

కరుణాకర్‌కి ఒళ్లు మండిపోయింది. "మిర్చి యార్డులో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడేవారే, అప్పుడు పక్కవాణ్ణి తువ్వాలు ఎత్తి చూడనిచ్చారా? ఇవాళ ఈవిడ నేర్చుకుంటే రేపు నన్ను గెంటేస్తారు. కాంట్రాక్టు వాడికి ఇదేం ఖర్మండీ?"

"నోరు మూసుకుని కూర్చోవయ్యా," అని యలమంద గారు గోడౌను వైపు వెళ్లిపోయాడు.

కరుణాకర్ పళ్లు నూరుతూ ప్రోగ్రాం పేజీలు గబగబా దొర్లించాడు. తేజశ్రీ ఒకచోట తెర మీద వేలు పెట్టి ఆపింది.

"ఒకటో తారీఖు వస్తే ఆగిపొమ్మని మీరే రాశారేంటండీ?"

కరుణాకర్ గబుక్కున ఆ పేజీ మార్చేయబోయాడు. ఆవిడ కీబోర్డు లాక్కుని, ఆ లైను కిందే అలాంటిదే ఇంకో లైను కొట్టింది. తారీఖు ఒక్కటే మార్చింది.

"ఒకటిన మీరు రండి. పదిహేనున నేనొస్తా."

అంతలో యలమంద గారు తిరిగొచ్చాడు. "ఏమయ్యా, ఇద్దరుంటే ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉందండీ," అన్నాడు కరుణాకర్, ఆవిణ్ణి నమిలి మింగేసేలా చూస్తూ.