సరంగుగారి గుట్టు

బ్యాంకాక్ హోటల్ ఏడో అంతస్తు బాత్రూములో కుళాయి బార్లా తిప్పి, అర్జునరావు ఫోను చెవికి ఆనించాడు. నీళ్ళ చప్పుడులో తన మాట బయటికి వినపడకూడదు. బయట మంచం మీద కూర్చుని పెళ్ళాం ఈశ్వరి కొప్పు ముడుస్తోంది.

"ఒరే గవర్రాజూ, కొంప మునిగిపోనాది," అన్నాడు గొంతు తగ్గించి.

అవతల విశాఖ ఫిషింగ్ హార్బర్లో గవర్రాజు బోటుకి రంగేస్తున్నాడు. ఈశ్వరికి సొంత తమ్ముడు. అర్జునరావు సరంగుగా నడిపే మరపడవలోనే అతనూ పని చేస్తాడు. వేట నిషేధం రోజులు కాబట్టి బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉన్నాయి. టూర్ల ఆఫీసులో పని చేసే కూతురు మహేశ్వరి సమయం చూసి అమ్మానాన్నలని విమానం ఎక్కించేసింది.

"ఏటయింది బావా? పాస్‌పోర్టు పోయిందేటి?"

"పాస్‌పోర్టు పోతే బెంగే నేదు. మీ అప్ప పడవెక్కుదామంతంది."

అవతల బ్రష్షు డబ్బాలో పడిన చప్పుడు. ఆ తర్వాత నవ్వు. ఆగకుండా నవ్వు.

"నవ్వకురా! మొన్న దీవికెళ్ళే పడవంటే మోకాలు నెప్పన్నాను. నిన్న పడవల సంతంటే జొరమన్నాను. ఇయాల ఆకరి రోజు. నదిలో తిప్పుతారంట. ఇంకేటి నెప్పి మిగిలింది నాకు?"

"అయితే దొరికిపోనావు బావా. సింతపండు ఉందేటి?"

"ఇక్కడ సింతపండు ఎక్కడ దొరుకుద్దిరా?"

"అయితే దేవుడే దిక్కు," అని గవర్రాజు ఫోను పెట్టేశాడు.

విషయం ఏమిటంటే, అర్జునరావుకి సముద్రం పడదు. ముప్పై ఏళ్ళుగా సముద్రం మీద బతికే మనిషికి సముద్రం పడదు! డాల్ఫిన్ నోస్ కొండ దాటి బోటు అలల్లోకి వెళ్ళగానే కడుపులో దేవడం మొదలవుతుంది. ఒక చేత్తో చుక్కాని, ఇంకో చేత్తో బకెట్టు. సగం రోజు ఆ నరకం గడిచిందా, ఇక పులే. చేప జాడ పట్టడంలో అతన్ని కొట్టేవాడు జెట్టీలో లేడు. కానీ ఆ సగం రోజు సంగతి ఒడ్డుకి పొక్కకుండా బోటు జనమంతా గంగమ్మ మీద ఒట్టేసి దాచారు. అన్నం క్యారేజీలో పులుసు కోసం ఈశ్వరి పెట్టే ఉప్పు చింతపండు ముద్దని దొంగతనంగా బుగ్గన పెట్టుకుని నెట్టుకొచ్చేవాడు అర్జునరావు.

వాళ్ళలో ఆడవాళ్ళు బోటెక్కే ఆచారం లేదు. ఎక్కితే వల ఖాళీగా లేస్తుందంటారు. అతని పరువుకి ఆ ఆచారమే కాపలా. వేట నుంచి వచ్చిన ప్రతిసారీ ఈశ్వరికి కథలు చెప్పేవాడు. తాటిచెట్టంత అల లేచిందనీ, కుర్రాళ్ళంతా కక్కుకుంటూ పడిపోతే తానొక్కడే రాయిలా నిలబడ్డాననీ. ఆవిడ చేపలు సర్దుకుంటూ కళ్ళు పెద్దవి చేసి వినేది. ఆ కళ్ళ కోసమే ఏటేటా అల ఎత్తు పెరుగుతూ వచ్చింది.

ఇవాళ ఆ కళ్ళ ముందే కక్కాలి.

తలుపు దబదబా మోగింది.

"మావా! లోపలే కాపరం పెట్టావేటి? కింద టూరోల్ల వేను వచ్చీసింది."

మెట్ల దగ్గర ఆఖరి బాణం వేశాడు. "ఆడోల్లు పడవెక్కకూడదే. మరిసిపోనావా?"

"అది మన గంగమ్మకి. ఇక్కడి గంగమ్మకి పట్టింపు నేదు. నిన్న టీవీలో సూడనేదా, ఆడోల్లే తెడ్డేసుకుని కూరలమ్ముతన్నారు." ఈశ్వరి కొంగు బొడ్లో దోపింది. "రేపట్నించీ గోపాలపట్నం బజార్లో మళ్ళీ ఆ సేపల బుట్ట ముందే గదా నాను కూసునేది. అక్కడ తలుసుకోడానికి నాకొకటుండాల. మా మావ పడవ మీద ఎలగుంటాడో ఒక్కపాలి సూత్తాను."

అర్జునరావు ఆవిడ వెనకే వ్యానెక్కాడు.

రేవు దగ్గర పొడుగాటి మోటారు పడవ కాచుకుని ఉంది. గైడు సన్నీ అందరికీ లైఫ్ జాకెట్లు పంచుతున్నాడు. వాళ్ళ గుంపులో ఉక్కునగరం నుంచి వచ్చిన శ్రీరామ్మూర్తి ఉన్నాడు. స్టీల్‌ప్లాంటులో రిటైరైన ఫోర్‌మన్. నాలుగు రోజులుగా భోజనం దగ్గర అర్జునరావు తుఫాను కథలన్నీ విన్నవాడు.

"సరంగుగారుండగా మనకి జాకెట్లెందుకయ్యా సన్నీ?" అన్నాడాయన. "అర్జునరావుగారూ, మీరు ముందు కూర్చోండి. ఫోటో తీసి మా వాళ్ళందరికీ పంపిస్తాను."

"ముందొద్దులెండి," అన్నాడు అర్జునరావు.

"సిగ్గేటి మావా?" ఈశ్వరి చెయ్యి పట్టుకుని మొదటి బల్ల మీదికి లాక్కెళ్ళింది.

పడవ కదిలితే నయమే. కదల్లేదు. ఇంకో జంట రావాలట. ఇంజన్ వెలుగుతూనే ఉంది. డీజిల్ పొగ వెనకనించి వచ్చి ముక్కులో దూరుతోంది. పక్కనించి పెద్ద పడవలు వెళ్ళినప్పుడల్లా వీళ్ళ పడవ ఇటూ అటూ ఊగుతోంది. అర్జునరావు ఎదురుగా ఉన్న గుడి శిఖరం మీద చూపు నిలిపాడు. శిఖరం కూడా ఊగుతోంది. పొద్దున్న తిన్న రెండు ఉడకబెట్టిన గుడ్లు లోపల లేచి నిలబడ్డాయి.

ఇంతలో ఆ జంట ఎక్కింది. పడవ ఒక్క గెంతు గెంతి నడి నదిలోకి దూసుకుపోయింది.

"మావా, ఆ తుఫాను కత సెప్పు," అంది ఈశ్వరి తీరిగ్గా. "తాటిసెట్టంత అలొచ్చింది, కుర్రోల్లందరూ పడిపోనారు. అప్పుడు నువ్వేటి సేసావు?"

నోరు తెరిస్తే కథ రాదు, వేరేది వస్తుంది. అర్జునరావు పళ్ళు బిగించి తలూపాడు.

"మాటాడవేటి? మొకం అరిటాకులాగ పచ్చగా ఉంది?"

"ఎండ," అన్నాడు ముక్కుతో.

ఎదురుగా ఓ పెద్ద పడవ అల విసిరింది. వీళ్ళ పడవ ముక్కు పైకి లేచి దబ్బున కింద పడింది. అయిపోయింది. చెమట చల్లగా పట్టింది. రెండు చేతులా అంచు పట్టుకున్నాడు. వెనక శ్రీరామ్మూర్తి ఫోను పైకెత్తి "ఇటు చూడండి సరంగుగారూ" అంటున్నాడు. ఇంకొక్క అల చాలు, తాటిచెట్లన్నీ కూలిపోతాయి.

అప్పుడు ఈశ్వరి బొడ్లోంచి చిన్న గుడ్డసంచి తీసింది. అందులోంచి నిమ్మకాయంత ముద్ద తీసి అతని అరచేతిలో పెట్టి, కొంగు అడ్డం పెట్టింది. శ్రీరామ్మూర్తి ఫోనుకి ఆ కొంగే కనపడింది.

"బుగ్గన ఎట్టుకో. నమలకు. ఊరించు."

ఉప్పు చింతపండు.

అర్జునరావు కళ్ళు తేలేశాడు. ముందు ముద్ద బుగ్గన పెట్టుకున్నాడు, ప్రశ్న తర్వాత. పులుపు దవడల్లోకి దిగింది. గుడ్లు నెమ్మదిగా కూర్చున్నాయి.

"నీకెవులు సెప్పారే?"

"నువ్వు బాత్రూంలోంచి బయటికి రాకముందే గవర్రాజు నాకు ఫోన్ సేసాడు. అప్పా, సింతపండుంటే బొడ్లో ఎట్టుకో, బావ ఇయాల కక్కీత్తాడన్నాడు. ఊర్నించి వచ్చినప్పుడే నాను మూటలో ఎట్టుకొచ్చాను."

"ఆ ఎదవ గంగమ్మ మీద ఒట్టేసాడే!"

"నా తమ్ముడు నా కాడ దాత్తాడా మావా? మన పెళ్ళయిన ఏడే సెప్పీసాడు. నేపోతే రోజూ కేరేజీలో అంత సింతపండు ఎందుకెట్టాననుకున్నావు? పులుసుకా? బోటు మీద పులుసు కాసేది మీరు ఎన్నాళ్ళకోపాలి?"

అర్జునరావు నది వైపు తిరిగాడు. ముప్పై ఏళ్ళు దొంగిలించిన చింతపండు! తాటిచెట్లు ఒక్కొక్కటీ నీళ్ళలోకి ఒరిగిపోతున్నట్టుంది. మెల్లిగా అడిగాడు.

"తెలిసీ ఎందుకు తెచ్చావే ఈ పడవకి? నా పరువు తీడానికా?"

"కడుపులో అంత తిప్పుతుంటే, మళ్ళీ మళ్ళీ ఎలగెళ్ళావో సూడాలనిపించింది." ఈశ్వరి అతని వైపు చూడలేదు. "కతలు బాగానే ఉంటాయి గానీ మావా, ఆ బకెట్టు కతే బాగుంటది. అదొక్కటే సెప్పవు."

అంతలో పడవ గుండ్రంగా మలుపు తిరిగి, మూడు అలల మీద వరసగా ఎగిరింది. తిరిగి చూస్తే ఈశ్వరి మొహం తెల్లగా ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంచు మీదికి వంగింది. పుట్టాక మొదటిసారి పడవెక్కిన మనిషి, నదంతా వినపడేలా కక్కింది.

అర్జునరావు ఒక చేత్తో ఆమె భుజం, ఇంకో చేత్తో కొప్పు పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళ అనుభవం అతని చేతుల్లో ఉంది. ఎటు వంచాలో, ఎప్పుడు వీపు నిమరాలో అతనికి తెలుసు. గొంతులోకి మళ్ళీ సరంగు వచ్చేశాడు.

"ఏం పర్నేదే. దూరంగా ఒడ్డు సూడు. మొదటి రోజు ఎవులికయినా ఇంతే."

ఈశ్వరి మూతి తుడుచుకుంది. ఎర్రబడిన కళ్ళతోనే అతన్ని ఎగాదిగా చూసింది.

"ముప్పై ఏళ్ళూ నీకు మొదటి రోజేనా మావా?"

వెనకనించి శ్రీరామ్మూర్తి గొంతు వినపడింది. "ఏమైందండీ సరంగుగారూ?"

"ఏటీ నేదండి," అన్నాడు అర్జునరావు గట్టిగా. "మాయావిడికి అలవాటు నేదు."

ఈశ్వరి అతని డొక్కలో మోచేత్తో పొడిచి, అరచెయ్యి చాపింది.

"ఆ ముద్దలో సగం ఇలా తే."