మొన తేలే మేకులు

గాలి గన్ను ఆగగానే చిన్నప్ప సుత్తి చప్పుడు మొదలవుతుంది. శాంతిపురం దగ్గరి ఆ షెడ్డులో గ్రానైట్ పలకలకు చెక్కపెట్టెలు కడతారు. మునికృష్ణ గన్నుతో మేకు దించితే మొన అవతలికి తేలుతుంది. చిన్నప్ప దాన్ని సుత్తితో వంచి చెక్కలోకి అణుస్తాడు. ఈ పూట మునికృష్ణకు గురి కుదరడం లేదు. ఒక మేకు వంకరపోయింది, ఇంకొకటి చెక్కను చీల్చింది.

నిన్న ఒక పెట్టెలో వంచని మొన మిగిలిపోయి, నునుపు పెట్టిన పలక మీద గీత పడింది. యజమాని లక్ష్మీపతి పొద్దున్నే వచ్చి చిన్నప్ప ముందే మునికృష్ణను అడిగాడు.

"మొన తేలేంత పొడుగు మేకు యాలప్పా? పొట్టివి తెస్తే వంచే పనే ఉండదు గదా. ఈ పొద్దే కుప్పం పోయి తీసుకోని రా."

వంచే పని లేకపోతే చిన్నప్పకు పని లేదు. ఆ మాట లక్ష్మీపతి అనలేదు, అనాల్సిన అవసరమూ లేదు.

ఇద్దరిదీ పుంగనూరే. మదనపల్లెలో టమాటా పెట్టెలు కట్టే రోజుల్లో చిన్నప్ప చెక్క పట్టుకుని నోట్లోంచి మేకులు అందిస్తే మునికృష్ణ కొట్టేవాడు. ప్లాస్టిక్ క్రేట్లు వచ్చి ఆ పని పోయింది. ఇక్కడికొస్తే గన్ను వచ్చింది. గన్నుకు చెక్క పట్టేవాడు అక్కర్లేదు. అప్పటినుంచీ మునికృష్ణ కావాలనే పొడుగు మేకులు తెస్తున్నాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, చిన్నప్పకు అసలే చెప్పలేదు. మహా అభిమానస్థుడు, తెలిస్తే ఒక్క పూట నిలవడు.

గన్ను వచ్చినా నోట్లో రెండు మేకులు కరుచుకోనిదే చిన్నప్పకు తోచదు. వాటి సందులోంచే అన్నాడు:

"నిదానంగా సూసి తీసుకో మునీ. తొందరేం లేదు."

బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా మునికృష్ణ కూర్చోలేకపోయాడు. కుప్పం దాకా నిలబడే వెళ్లాడు.

దుకాణంలో రెండు రకాల చుట్టలు ముందు పెట్టారు, తీగతో వరసగా అతికిన మేకులు. నీలగిరి చెక్క పచ్చిగా ఉంటుంది, ఆరాక నున్నటి మేకు వదులైపోతుంది. అందుకని ఒంటి మీద గాట్లున్నవే కావాలి. అందులో పేచీ లేదు. పేచీ అంతా పొడుగుతోనే. జేబులోంచి రెండు చెక్కముక్కలు తీసి, ఒకదానిమీద ఒకటి పెట్టి, పక్కన మేకు ఆనించి చూశాడు. పొట్టిది లోపలే ఆగింది. తప్పు పట్టడానికి లేదు. దాన్ని చూస్తుంటే ఒళ్లు మండింది.

బయటికెళ్లి టీ తాగాడు. మళ్లీ వచ్చి ఆనించి చూశాడు. మళ్లీ బయటికెళ్లాడు.

"ఏందన్నా, పిల్లను సూసినట్ల సూస్తాండావు? మేకులే గదా!" అని దుకాణదారు నవ్వాడు.

"పొడుగువే ఇయ్యి" అన్నాడు మునికృష్ణ.

ఇకమీదట ప్రతి మొనా తానే తడిమి చూస్తాడు. లక్ష్మీపతి తీసేస్తే ఇద్దర్నీ తీసేయనీ. అలా అనుకున్నాక తిరుగు బస్సులో హాయిగా కూర్చున్నాడు, ఆ రోజుకు అదే మొదటిసారి. దారిలో కుప్పం వెళ్లే బస్సు ఎదురై దుమ్ము రేపితే, ఒళ్లోని మేకుల డబ్బాకు తువ్వాలు కప్పాడు.

షెడ్డులో రంపం మాత్రమే మోగుతోంది. రంపం దగ్గరి వినోద్ దాన్ని ఆపాడు.

"చిన్నప్పన్న ఎల్లిపోయినాడన్నా. కుప్పంలో రైలెక్కి బెంగుళూరు పోతాడంట."

"నాకేమన్నా సెప్పమన్నాడా?"

వినోద్ తల గోక్కున్నాడు. "'నా కోసరం ఇన్నాళ్లూ తప్పు మేకులు మోసినాడు. ఈ పొద్దన్నా సరైనవి తెస్తాడులే' అన్నాడు."

మునికృష్ణకు ఏడుపొచ్చింది. డబ్బాను ఎక్కడ పెట్టాలో తెలియక చంకలోనే ఉంచుకున్నాడు. పొద్దున సగంలో వదిలిన పెట్టెను చేత్తో తడిమాడు. ఒక్క మొనా తగల్లేదు, అన్నీ వంచి ఉన్నాయి. పెట్టె మీద చిన్నప్ప సుత్తి ఉంది, పిడికి చుట్టిన సైకిల్ ట్యూబు చేయి పట్టే చోట అరిగి నునుపెక్కి.