వెనక గోడ లేని బడి

సింధూరి ఆ బడికి టీచరుగా బదిలీ మీద వచ్చిన మొదటి రోజే వెనక గోడ గురించి అడిగింది.

దీవిలో హోప్ టౌన్ అనే ఊరు దాటాక, కొండ దిగిన రోడ్డు ఉప్పుకాలువ ఒడ్డున ఆగిపోయే చోట ఉంది ఆ ప్రాథమిక పాఠశాల. ముందువైపు కొత్త ఇనుప గేటు, దానికి రెండు పక్కలా కెమెరాలు, కుర్చీ వేసుకుని కూర్చున్న చౌకీదారు. వెనకవైపు మాత్రం కిందటి వానల్లో కూలిన గోడ రాళ్లు, వాటి మీద పాకిన తీగలు, ఆ వెనక మడ చెట్లు. పోటు మీదున్నప్పుడు కాలువ నీళ్లు ఆ రాళ్లను తాకేవి. పిల్లల మరుగుదొడ్లు రాళ్లకు కాస్త ఇవతలే ఉన్నాయి.

"గేటుకు డబ్బులొచ్చాయి కదా సార్. గోడకెందుకు రాలేదు?"

హెడ్మాస్టర్ భాస్కరరావు మంచివాడే. కానీ పైవాళ్లతో మాట పడాల్సి వస్తుందంటే ఆయనకు చెమటలు పట్టేవి. "అవి బడుల భద్రతకని వచ్చిన నిధులమ్మా. బయటివాళ్లు లోపలికి రాకుండా గేటు, కెమెరాలు, కాపలా. కూలిన గోడ కట్టడం వేరే పద్దు కిందికి వస్తుంది. రాసి పెట్టాను, చూద్దాం."

తర్వాత కెమెరాలు తనిఖీ చెయ్యడానికి గిరిధర్ అనే ఇంజనీరు వచ్చినప్పుడు సింధూరి అతన్ని వెనక్కి తీసుకెళ్లి చూపించింది.

"క్యా కరే దీదీ, స్కీములో ఫ్రంట్ సైడే రాసుంది. వెనక సముందరే కదా, అటునుంచి చోర్ ఎవడొస్తాడు?" అని అతను నవ్వాడు.

సింధూరికి నవ్వు రాలేదు. ఆమె సముద్రపు ఒడ్డునున్న జంగ్లీఘాట్‌లో పుట్టి పెరిగింది. వాళ్ల వీధిలో చేపలు పట్టే ఒకాయన మోచేతి వరకే ఉన్న చేతిని తువ్వాలుతో కప్పుకుని తిరిగేవాడు. అది ఎలా పోయిందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. పిల్లలందరికీ మాత్రం తెలుసు.

వానలు మొదలైన కొత్తలో, ఒకరోజు పొద్దున్న రాళ్ల అవతల బురదలో ఒక జాడ కనబడింది. బరువైన బస్తాను ఈడ్చుకెళ్లినట్టు మధ్యలో గాడి, దానికి అటూ ఇటూ వేళ్ల గుర్తులు. ఆ వారమే, వరండాలో పడుకునే నల్లకుక్క కనిపించకుండా పోయింది.

"ఎటో ఎల్లిపోనాదనుకున్నానమ్మా," అంది మధ్యాహ్న భోజనం వండే సంతోషకుమారి. ఆ బురద వంక చూసి గొంతు తగ్గించింది. "పిల్లల ముందు అనకండి టీచరమ్మా. మా మనవరాలైతే రాత్రి నిద్దరే పోదు."

ఆమె మనవరాలు షెరిన్ రెండో తరగతి, సింధూరి క్లాసే.

భాస్కరరావు ఫోను చేస్తే అటవీశాఖ వాళ్లు వచ్చి రాళ్ల దగ్గర మొసలి బొమ్మ ఉన్న హెచ్చరిక బోర్డు పాతి వెళ్లారు. గోడ సంగతి తమది కాదన్నారు. అప్పటినుంచి ఏ పిల్లా ఒంటరిగా మరుగుదొడ్డికి వెళ్లకూడదని బడిలో నియమం పెట్టారు. సింధూరికి అది చాలలేదు. పాఠం చెబుతున్నంతసేపూ ఒక చెవి వెనక కిటికీ వైపే ఉండేది. మడ చెట్ల మధ్య నీళ్లు కదిలిన చప్పుడైతే చాలు, చేతిలో సుద్దముక్క ఆగిపోయేది.

అమావాస్య పోటు రోజున పొద్దుటినుంచీ కుంభవృష్టి. మధ్యాహ్నానికి కాలువ నీళ్లు రాళ్లు దాటి మైదానంలోకి వచ్చేశాయి. పిల్లలు వరండాలో కంచాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. అన్నం పెడుతూ పెడుతూ సంతోషకుమారి తలెత్తింది.

"మా షెరిన్ ఏదమ్మా?"

నేల మీద ఒక కంచం బోర్లించి ఉంది. సింధూరి వెనక వరండాలోకి పరుగెత్తింది. వాన తెరలో మరుగుదొడ్ల తలుపు మసగ్గా కనిపించింది. దానికీ వరండాకీ మధ్య, చీలమండ లోతు నీళ్లలో, పోటుకు కొట్టుకొచ్చిన దుంగ ఒకటి పడి ఉంది.

దుంగ తల ఎత్తింది.

వెనకే వచ్చిన సంతోషకుమారి నీళ్లలోకి దిగబోయింది. సింధూరి ఆమె రెక్క పట్టుకుని లోపలికి లాగింది. పిల్లలందరినీ గదుల్లోకి తోసి తలుపులు వేయించింది. భాస్కరరావు ఫోను చేశాడు. అటవీశాఖ బండి బయలుదేరిందట, దారిలో చెట్టు పడితే ఆగిపోయిందట. చౌకీదారు లాఠీ పట్టుకుని వచ్చాడు. దాన్ని చూశాడు. వెనక్కి తిరిగి గేటు దగ్గరికి వెళ్లిపోయాడు.

సింధూరి కిటికీ ఊచలు పట్టుకుని అరిచింది. "షెరిన్! లోపలున్నావా తల్లీ?"

"ఉన్నాను మిస్."

"బయటికి రాకు. తలుపు గట్టిగా పట్టుకో. నేనొచ్చి పిలిస్తేనే తియ్యాలి."

"ఎందుకు మిస్?"

"వాన ఎక్కువగా ఉంది కదా, అందుకు."

కాసేపటికి ఆ చిన్న గొంతు మళ్లీ వినబడింది. "మిస్, లోపలికి నీళ్లొచ్చేస్తన్నాయి."

ఆ తలుపుకు గడియ లేదు, తాడు ముడి ఉండేది. కింద జానెడు ఖాళీ. అవన్నీ సింధూరికి తెలుసు. "ఎక్కాలు చెప్పు. నాకు వినబడేలా చెప్పు," అంది.

"టూ వన్‌జ టూ... టూ టూజ ఫోర్..."

పిల్ల చెబుతోంది. ఆ గొంతు వినబడుతున్నంతసేపూ పిల్ల బతికి ఉన్నట్టే. అప్పుడు మొసలి మెల్లగా తల తిప్పింది. గొంతు వస్తున్న వైపుకు. ఒక అడుగు వేసి ఆగింది. ఆపమని అరవాలా, అరిస్తే పిల్ల భయపడి బయటికి వచ్చేస్తుందా? సింధూరి ఏదీ తేల్చుకోలేక ఊచల్ని అలాగే పట్టుకుని నిలబడింది.

గొంతు దానంతటదే ఆగిపోయింది.

"షెరిన్!"

జవాబు లేదు. వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. సంతోషకుమారి తలుపు గడియ లాగేసింది. "నానెల్తాను. నన్ను వదిలేయండమ్మా."

"ఉత్త చేతుల్తో ఎలా వెళ్తావు?" అన్నాడు భాస్కరరావు. ఆ మాట అంటూనే తన గదిలోకి వెళ్లి, ఇనుప బల్ల మీద ఉన్నవన్నీ కింద పారేశాడు. "పట్టండి. అడ్డంగా తిప్పి పట్టుకుని వెళ్దాం. దాని మొహానికి ఎదురుగా ఇది ఉండాలి."

ముగ్గురూ బల్ల వెనక నక్కి వరండా దిగారు. నీళ్లు చల్లగా కాళ్లకు తగిలాయి. బల్ల అంచు మీదుగా తొంగిచూడాలంటే సింధూరికి ధైర్యం చాలలేదు. చూడకుండా ఉండాలన్నా చాలలేదు. బుస వినబడింది, ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు. మరుక్షణం బల్ల దద్దరిల్లింది. భాస్కరరావు మోకాళ్ల మీద పడ్డాడు, కాని బల్ల వదల్లేదు. "తొయ్యండి! పక్కకి తొయ్యండి!" అని ఆయన అరుస్తుంటే ఇద్దరు ఆడవాళ్లూ భుజాలు ఆనించి తోశారు. అది వెనక్కి జరిగింది. మళ్లీ దగ్గరికి వచ్చింది. వాళ్లు బల్లను దానివైపే తిప్పుకుంటూ, పీతల్లా పక్కకి నడుస్తూ మరుగుదొడ్డి చేరారు.

"షెరిన్, తలుపు తియ్యి!"

"మిస్సేనా?" లోపలినుంచి చాలా సన్నగా వచ్చింది గొంతు.

"నేనేరా. తియ్యి తల్లీ."

ముడి విప్పడానికి ఆ చిన్న వేళ్లకు ఎంతసేపు పట్టిందో. తలుపు తెరుచుకోగానే ముగ్గురూ లోపలపడి, బల్లను గుమ్మానికి అడ్డంగా నెట్టి వీపులు ఆనించారు. షెరిన్ తలుపు కింద దాని నీడ చూసిందట. అంతే, గొంతు పోయింది. సంతోషకుమారి మనవరాలిని చంకనెత్తుకుని "ప్రభువా, ప్రభువా" అంటూనే ఉంది. బయట ఇనుము మీద ఏదో రాసుకుంటున్న చప్పుడు వచ్చేది, ఆగేది, మళ్లీ వచ్చేది. ప్రతిసారీ సింధూరి కళ్లు మూసుకునేది.

అటవీశాఖ వాళ్లు తాళ్లతో వచ్చేసరికి పోటు తగ్గుతోంది. దాన్ని కట్టి బండెక్కించాకే సింధూరి బల్ల మీంచి వీపు తీసింది.

రెండు రోజులకు అధికారులతో కలిసి గిరిధర్ వచ్చాడు. ఈసారి నవ్వలేదు. "వెనక కూడా ఒక కెమెరా వెంటనే సాంక్షన్ చేయిస్తాం," అన్నాడు.

షెరిన్ తండ్రి బాలస్వామి ఫెర్రీలో పనిచేస్తాడు. డ్యూటీ బట్టల్లోనే వచ్చి నిలబడ్డాడు. "కెమెరాలో ఏటి సూత్తారు సాబ్? మా పిల్లని అది తింతంటే రికార్డింగు సూత్తారా?"

ఒక అధికారి గొంతు సవరించుకుని, గోడ సంగతి పరిశీలిస్తామనీ, ఈలోగా సోమవారం నుంచి బడి నడపమనీ భాస్కరరావుతో అన్నాడు.

భాస్కరరావు మోకాలికి కట్టు ఉంది. ఆయన నుదుటి మీద చెమట సింధూరికి కనిపించింది. "నడపను సార్," అన్నాడు. "గోడ లేచేదాకా ఇక్కడ బడి తెరవను. మీరు ఏం రాసుకున్నా సరే, నా పేరు మీదే రాసుకోండి."

"నా పేరు కూడా," అంది సింధూరి. అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఊళ్లోని తెలుగు చర్చి హాల్లో చాపలు పరిచి తరగతులు నడిపారు. తల్లిదండ్రులు ఒక్కరూ పిల్లల్ని పాత బడికి పంపలేదు. సంజాయిషీ నోటీసులు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి. చివరికి వెనక గోడ కూడా భద్రత కిందికే వస్తుందని ఎక్కడో ఎవరో ఒప్పుకున్నారు. ఎత్తయిన గోడ లేచింది, పైన ఇనుప వల కట్టారు. మరుగుదొడ్లను వరండా పక్కకు మార్చారు.

బడి మళ్లీ తెరిచిన రోజు పిల్లలు కేరింతలు కొడుతూ లోపలికి పరుగెత్తారు. షెరిన్ మాత్రం గేటు బయట మెట్టు మీద కూలబడింది. తల్లి రీనా బతిమాలింది, కసిరింది. లాభం లేకపోయింది.

సింధూరి వచ్చి పిల్ల పక్కనే కూర్చుంది.

"మీకు భయం లేదా మిస్?"

"ఉంది. చాలా ఉంది. పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరి రెండుసార్లు వెనక్కి తిరిగాను."

షెరిన్ ఆమె మొహం వైపు నమ్మనట్టు చూసింది. లోపల ప్రార్థన గంట కొట్టారు. ఇద్దరూ లేవలేదు. పాట అయిపోయింది, అటెండెన్సు కూడా మొదలైంది. అప్పుడు షెరిన్ మెల్లగా జరిగి సింధూరి చేతిని తన రెండు చేతులతో పట్టుకుంది.

"కొంచెం సేపాగి ఎళ్దామా మిస్?"

"ఆగుదాం," అంది సింధూరి.