మడత కింది నాలుగు వరుసలు

ఫైర్ స్టేషన్‌లో ముప్పై ఒక్క ఏళ్లు టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేసిన ఒకావిడ పద్నాలుగు స్క్రాప్‌బుక్కులు తయారుచేసింది. ఊళ్లో ఎక్కడ నిప్పంటుకున్నా మర్నాటి పేపర్లో వచ్చిన వార్త కత్తిరించి, అంటించి, పక్కన తేదీ వేసేది. ఎనభై దాటాక చెల్లెలి ఇంటికి మారుతూ ఆ పుస్తకాలన్నీ లైబ్రరీకి ఇచ్చేసింది.

వాటిని ఫొటోలు తీసి వెబ్‌సైట్‌లో పెట్టే పని లైబ్రరీలో ఒకామెకు అప్పగించారు. తెర మీద పేజీ అంచును వేలితో లాగితే కాగితం మెల్లగా వంగి, కింద సన్నటి నీడ పడి, అవతలికి తిరగాలి. నిజం పుస్తకంలాగే ఉండాలని ఆమె పట్టుదల. లైబ్రేరియన్ గారు ఆమెను పేజీలమ్మ అని పిలిచేవారు. మొదట్లో విసుక్కునేది కానీ ఆ పేరే ఖాయమైపోయింది.

కెమెరా స్టాండు కింద పుస్తకం పరిచి, పైన గాజుపలక అదిమి, ఒక్కో పేజీ ఫొటో తీయాలి. పాత జిగురు పెళుసెక్కి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలేది. మొత్తం తొమ్మిది వందల పేజీలు, మూడు నెలల గడువు. ఆఖరి నెలలో ఆమె ఊపిరి సలపకుండా పనిచేసింది. పేజీ కంటే పొడవైన కత్తిరింపులను ఆపరేటర్ మడిచి అంటించింది. వాటిని విప్పబోతే చిరుగుతాయన్న భయం ఒకవైపు, గడువు ఒకవైపు. కొన్నిటిని మడతతోనే ఫొటో తీసి వదిలేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆల్బమ్‌లు వెబ్‌సైట్‌లోకి ఎక్కిన రెండో వారం ఒకావిడ లైబ్రరీకి వచ్చింది. యాభై పైబడిన మనిషి. రెండు వీధుల అవతల బట్టలు కుట్టే షాపు ఆవిడదే. మెళ్లో కొలతల టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చేసింది.

"ఏడో ఆల్బమ్‌లో అరవై రెండో పేజీ తీసెయ్యండి," అంది, కూర్చోకుండానే.

"ఎందుకండీ?"

"అందులో ఉన్నది మా నాన్న."

పేజీలమ్మ తెర మీద ఆ పేజీ తెరిచింది. నలభై ఏళ్ల నాటి వార్త. దూది మిల్లులో మంటలు, ఆరుగురి మృతి. యంత్రాలకు నూనె వేసే కార్మికుడి సిగరెట్టే కారణం. కింద ఆ కార్మికుడి ఫొటో, పేరు. దర్జీ ఆవిడ తెర వైపు చూడలేదు.

"మిల్లులో యంత్రాలకి నూనె వేసేవాడు. అందరూ నూనెడబ్బా అని పిలిచేవాళ్లు, ప్రేమగానే. నాకప్పుడు పదకొండేళ్లు. చచ్చిపోయిన మిగతా అయిదుగురివీ మా వరసలో ఇళ్లే. ఆ మర్నాటి నుంచి మా గుమ్మం తొక్కిన మనిషి లేడు. అమ్మ మూడు ఇళ్లు మారింది. మేం సామాను దించేలోపు కబురు మాకంటే ముందే అక్కడికి చేరేది. బళ్లో నా పేరు అగ్గిపెట్టె."

"కూర్చోండి అక్కా," అంది పేజీలమ్మ.

ఆవిడ కూర్చుంది. "అమ్మ కూడా పోయింది. ఆ పేపర్లన్నీ ఎప్పుడో మట్టిలో కలిసిపోయుంటాయి, ఇక మా పిల్లలదాకా రాదు అనుకున్నా. మొన్న మా కోడలు ఫోన్ పట్టుకుని నా పక్కన చేరింది. దానికి ఈ సంగతులేవీ తెలీవు. 'భలే తిరుగుతున్నాయి అత్తయ్యా, చూడండి' అంటూ ఒక్కొక్కటే తిప్పుతోంది. ఆ పేజీ తిరిగింది."

పేజీలమ్మ తెర మీది పేజీ మూసేసింది. లేచి వెళ్లి లైబ్రేరియన్ గారిని పిలుచుకొచ్చింది. ఆయన అంతా విని, "నాకు అర్థమైందమ్మా. కానీ ఒక పేజీ తీసేస్తే మిగతా పుస్తకాన్ని ఎవరు నమ్ముతారు?" అన్నారు. మాట మెత్తగానే ఉంది కానీ, ఆయన వెనక్కి తగ్గే మనిషి కాదు.

"పోనీ, అసలు పుస్తకం ఒకసారి చూడండి. ఆ తర్వాతే ఏదైనా," అంది పేజీలమ్మ.

ఏడో పుస్తకం తెచ్చి బల్ల మీద పరిచింది. అరవై రెండో పేజీ తిప్పింది. వార్త పొడవుగా ఉంది. ఫొటో కింద మిగిలిన కొసను సగానికి పైకి మడిచి, అంచున జిగురు రాసి ఉంది. తను విప్పకుండా వదిలేసినవాటిలో ఇదొకటి.

తడి దూది జిగురు మీద అద్ది, పల్చటి చాకు లోపలికి జొనిపి, గోరంత గోరంత చొప్పున మడత విప్పింది. పావుగంట పట్టింది. మడత కింద ఆపరేటర్ నీలం సిరాతో రాసిన నాలుగు వరుసలున్నాయి.

"మధ్యాహ్నం 2.10. మిల్లు గేటు నుంచి ఫోన్. మాట్లాడింది నూనె వేసే అతను. మోటారు బెల్టు దగ్గర నిప్పురవ్వలు లేచి దూది అంటుకుందన్నాడు.

లైన్లో ఉండమన్నాను. లోపల ముగ్గురున్నారు, వెళ్లాలి అని పెట్టేశాడు.

అతను గేటు దాకా బయటికి వచ్చిన మనిషి.

విచారణలో చెప్పాను. వాళ్లు రాసుకోలేదు."

దర్జీ ఆవిడ కుట్టు సరిచూసుకున్నట్టు ఒక్కో అక్షరం మీదా వేలు నడిపిస్తూ చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది.

"ఈవిడ బతికుందా?" అని అడిగింది చివరికి.

మర్నాడు ఇద్దరూ ఆపరేటర్ చెల్లెలి ఇంటికి వెళ్లారు. ఆపరేటర్ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. వచ్చినావిడ ఎవరి కూతురో చెప్పగానే, ఒళ్లో ఉన్న కళ్లజోడు తీసి పెట్టుకుని ఆ మొహం వంక పరకాయించి చూసింది.

"నలభై ఏళ్లు ఆ మాట మీ దగ్గరే ఉంచుకున్నారు," అంది దర్జీ ఆవిడ.

"విచారణవాళ్ల దగ్గరికి రెండుసార్లు వెళ్లి చెప్పానమ్మా. మొదటిసారి విన్నారు. రెండోసారి, నీ పని ఫోనెత్తడం, కారణాలు చెప్పడం కాదన్నారు. ఉద్యోగం ఊడుతుందేమోనని హడలిపోయి నోరు మూసుకున్నా."

"వాళ్లకి సరే. మాకు చెప్పొచ్చుగా. మా ఇల్లు మీకు ఎంత దూరం?"

"రెండు వీధులు. ఒకసారి మీ వాకిలి దాకా వచ్చా. మీ అమ్మ బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి, ఎవరు కావాలమ్మా అంది. ఇల్లు పొరబడ్డానని చెప్పి వెళ్లిపోయా."

"ఆ ఒక్క మాట చెప్పుంటే మా అమ్మ తలెత్తుకు తిరిగేది."

"అవును," అంది ఆపరేటర్. ఇంకేం సంజాయిషీ చెప్పుకోలేదు. "క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు."

చెల్లెలు మంచినీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు. దర్జీ ఆవిడ లేచింది, గుమ్మం దాకా వెళ్లింది, అక్కడ ఆగిపోయింది.

"ఆయన గొంతు ఎలా ఉంది?"

"ఆయాసపడుతున్నాడు. పరిగెత్తుకొచ్చినట్టుంది. అయినా కంగారుగా లేదు, మర్యాదగా మాట్లాడాడు," అంది ఆపరేటర్. "పెట్టేసే ముందు 'ఉంటానమ్మా' అన్నాడు."

దర్జీ ఆవిడ అక్కడే గుమ్మంలో కూలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పేజీలమ్మ పక్కన కూర్చుంది కానీ, ఓదార్చబోలేదు.

తిరిగి వస్తుంటే దారిలో దర్జీ ఆవిడే అంది, "పేజీ తీయొద్దులే. కానీ ఆ మడత విప్పే ఉంచండి. మూసింది చాలు."

పేజీలమ్మ ఆ సాయంత్రమే లైబ్రేరియన్ గారి ముందు నిలబడి, తను విప్పకుండా వదిలేసిన మడతలు నలభై మూడు ఉన్నాయని ఒప్పుకుంది. "నాకు అప్పుడే చెప్పాల్సింది," అన్నారు. తర్వాత పద్నాలుగు ఆల్బమ్‌లనూ వెబ్‌సైట్ నుంచి దించేయించారు. నలభై మూడు మడతలూ విప్పి, మళ్లీ ఫొటోలు తీసి, తిరిగి పెట్టడానికి రెండు నెలలు పట్టింది. ఏడో ఆల్బమ్‌లో అరవై రెండో పేజీకి వచ్చేసరికి వార్తతోపాటు కింద నీలం సిరా రాత కూడా తెర మీద కనిపిస్తుంది. అదే వరసలో పెరిగి ఊళ్లో మిగిలినవాళ్లు ఇద్దరో ముగ్గురో చూశారు. ఒక ముసలాయన దర్జీ ఆవిడ షాపుకు వచ్చి, చొక్కా కుట్టించుకునే మిషతో గంటసేపు కూర్చుని, ఆ విషయం ఎత్తలేక వెళ్లిపోయాడు. ఆయన తమ్ముడు ఆ ఆరుగురిలో ఒకడు.

ఆ ఏడాది చివర్లో ఆపరేటర్ పోయింది. కబురు తెలిసి పేజీలమ్మ వెళ్లేసరికి, షాపు కట్టేసి దర్జీ ఆవిడ అప్పటికే అక్కడుంది.

"క్షమించేశారా అక్కా?" అని మెల్లగా అడిగింది పేజీలమ్మ.

"ఏమో, ఇంకా తెలీదు," అంది ఆవిడ. "మా నాన్న చివరి మాట విన్న మనిషి ఈవిడొక్కతే. చూడాలనిపించింది, వచ్చా."

అని, లోపలికి వెళ్లి ఆపరేటర్ చెల్లెలి పక్కన చాప మీద కూర్చుంది.