నోహప్ కొట్టని పూట

చాయ గిన్నె పొయ్యి మీద పెట్టి వచ్చి నిరోష మళ్ళీ లాప్‌టాప్ ముందు కూర్చుంది. పాన్‌గల్‌లోని ఆ ఇంటి ముందరి గదిలో ఉన్న ఒక్క బల్ల, ఒక్క కుర్చీయే ఆమె ఆఫీసు. దవాఖానల రిపోర్టులను సర్దిపెట్టే హైదరాబాదు కంపెనీలో నౌకరి. పని నడిచేది అక్కడి కంప్యూటర్లోనే. ఇక్కడి నల్లటి తెర మీద ఒక వరుస కొట్టి దాన్ని మొదలుపెట్టాలి, గంటలు పడుతుంది. వరుస చివర ఒక గుర్తు పెడితే పని వెనకాల నడుస్తుంది, ముందు నోహప్ అని కొడితేనే లాప్‌టాప్ మూసినా ఆగదు. కుదురుగా కూర్చుంటే నిరోష ఆ మాట ఎన్నడూ మరవదు. పనిని వెనకకు తోలి అన్నం వారుస్తుంది, వచ్చి చూసుకొని బట్టలు ఆరేస్తుంది. ఆ విద్యే రాకుంటే ఈ ఇంట్లో ఆ నౌకరి ఒక్క పూట నిలవదు.

ఆ రోజు సాయంత్రానికి రిపోర్టులు పంపాలి. వరుస కొడుతుండగా గడపలో చెప్పుల చప్పుడైంది. భర్త దినేష్‌కు పెదనాయన, వెంకటన్న. ఆ ఇంట్లో కోడలు పెద్దమామ ముందు కుర్చీలో కూర్చోదు. ఒకరు చెప్పే పని లేదు, ఒళ్ళే లేస్తుంది. సగం లేచి, వంగి, చేతికి వచ్చినంత కొట్టి పనిని తోలేసింది. నోహప్ పడలేదని వంటింట్లోకి పోయినాక గుర్తొచ్చింది.

"గిక్కడ కూసో పెదనాయనా" అంటూ దినేష్ లాప్‌టాప్ మూసి కిటికీలో పెట్టాడు.

ముయ్యకు అనడానికి నోరు రాలేదు. పోయిన నెల అట్లాగే అంటే, "కలెక్టర్ మేడం పని నడుస్తుందంట" అన్నాడు దినేష్ చుట్టాల ముందర. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఆయన మాటకన్నా ఆ నవ్వే ఇప్పటికీ ముల్లులా గుచ్చుతుంది.

"కోడలు ఏం నౌకరి చేస్తది జమ్ములమ్మా?" అన్నాడు వెంకటన్న నిరోష అత్తతో.

"ఏమో బావా, నాకు తెల్వదు. ఇంట్లనే కూసోని ఊకె టకటక కొడ్తది" అంది అత్త.

నిరోష తల వంచుకొని చాయ పోసింది.

పెద్దమామ పోయినాక లాప్‌టాప్ తెరిచి చూస్తే, నడుస్తున్న పనుల్లో తనది లేదు. సగంలోనే చచ్చిపోయింది. అంతలోనే టీం లీడర్ సుప్రియ ఫోన్.

"ఏమైంది నిరోషా? రిపోర్టులు ఆగిపోయినయ్."

గుమ్మంలో దినేష్ గొంతు తగ్గించాడు. "కరెంట్ పోయిందను. ఇన్వర్టర్ ఖరాబైందను."

కరెంటు పోయిందని ఇదివరకు రెండుసార్లు చెప్పింది. పాపమని సుప్రియ కంపెనీ ఖర్చుతో ఇన్వర్టర్ పంపించింది. దాని మీద ఇప్పుడు అత్త సీరియళ్ళు ఆగకుండా నడుస్తున్నాయి.

"నిరోషా, ఉన్నవా?"

కుర్చీ లాక్కొని కూర్చుంది. దినేష్ నిలబడే ఉన్నాడు.

"కరెంట్ ఉన్నది మేడం. దానితోని పని ఎన్నడూ ఆగలే. చుట్టాలొస్తే నేను కుర్చీల నుంచి లేస్త, మా ఆయన లాప్‌టాప్ మూస్తడు. ఆ రెండుసార్లు గూడ గంతే. మళ్ళ మొదలుపెడుతున్న. ఇగ ఎవరొచ్చినా లెవ్వ."