తెచ్చినోళ్ళే తీస్కపోవల్ల

నూట పదకొండో బండను సుత్తితో తట్టి, చెవి వంచి విని, ఉరుకుందు దాన్ని ఎడమ వరుసలోకి తోశాడు. పైకి గీత కూడా లేని నాపబండ. లోపల బీట ఉందని అతని చెవి చెప్పింది. మేస్త్రీ కన్ను తప్పినా ఉరుకుందు చెవి తప్పదని బేతంచెర్ల గనిలో బెజవాడ రైలుకు బండలెక్కించే కూలీలందరికీ తెలుసు. అంత చెవి ఉన్న మనిషికి పక్కవాడు పలకరిస్తే మాత్రం వినపడదు. పొడుగాటి మనిషి, మోకాళ్ళదాకా తెల్లని రాతిపొడి, చెవుల మీద నెరిసిన వెంట్రుకలు. ఎవరితో మాట్లాడినా మొహం చూడడు, వాళ్ళ భుజం మీదుగా దూరంగా చూస్తాడు. అందుకని కొత్తవాళ్ళు వెనక ఎవరో ఉన్నారనుకుని మాటిమాటికీ తిరిగి చూసుకుంటారు.

అతను ఈ ఊరికి ఇల్లరికం వచ్చి ఇరవై ఎనిమిదేళ్ళు. మగబిడ్డలు లేని ఆ ఇంట్లో కూతురు మహాదేవమ్మ నోరే పెద్ద ఆస్తి. ఆ నోటికి తగినట్టు నోరులేని అల్లుణ్ణి వెతికి తెచ్చారని ఊళ్ళో నవ్వుకునేవారు. రోజూ ఒకే దారిన పోయి ఒకే దారిన వస్తాడు. దారికి అడ్డంగా ఎద్దు పడుకుంటే అది లేచేదాకా నిలబడతాడు. పళ్ళెంలో ముద్దకు పచ్చడి తగిలితే ఆ పూట తినడు. సంపాదించే మగవాడికి తిక్క ఉంటే దాన్ని స్వభావం అంటారు గనుక ఉరుకుందుకు ఫలానా జబ్బుందని ఎవరూ అనలేదు. అతనూ అనుకోలేదు.

మనవరాలు ఈరమ్మ సంగతి వేరు. నాలుగేళ్ళు నిండినా పిల్లకు మాట రాలేదు. పొద్దస్తమానం గులకరాళ్ళు వరుసగా పేర్చుకుంటుంది. పిలిస్తే పలకదు, ఎత్తుకుంటే ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది. మహాదేవమ్మ దర్గాలో తాయెత్తు కట్టించింది, వేపమండలతో దిగదుడిచింది, చివరికి కారణం తానే కనిపెట్టింది. కోడలు వరమ్మ కడుపుతో ఉండి గ్రహణంపూట వంకాయలు తరిగిందట. గ్రహణంలో కత్తిపీట ముట్టిన కోడలు ఇక ఇంట్లో ఎందుకని తీర్మానం కూడా చేసేసింది.

ఆ సాయంత్రం ఉరుకుందు ఇల్లు చేరేసరికి వాకిట్లో బండి కట్టి ఉంది. మైదుకూరు నుంచి వరమ్మ అన్న శ్రీనివాసులు వచ్చాడు. కబురు పెట్టింది మహాదేవమ్మే. తల్లినీ బిడ్డనూ సాగనంపి కొడుక్కు మరో పెళ్ళి చేయాలని ఆమె ఏర్పాటు. మూట అప్పుడే బండెక్కింది. వరమ్మ బిడ్డను పట్టుకుని గడపలో ఏడుస్తోంది. కొడుకు లక్ష్మన్న దూలాలు లెక్కపెట్టే పని మీద ఉన్నట్టు పైకి చూస్తున్నాడు.

"గ్రానంపూట వంకాయ కోసినాది," అని మహాదేవమ్మ నూరోసారి అంది.

"గ్రానం బేస్తవారం పట్టె," అన్నాడు ఉరుకుందు గోడవైపు చూస్తూ. "ఎండ సన్నగిల్లితే గని నిలిపిరి. ఆ పొద్దు అరవై మూడు బండలు తట్టినా. ఈరమ్మ పుట్టి అప్పటికి పందొమ్మిది దినాలు. వరమ్మ మైదుకూర్లో పురుట్లో ఉండె. ఈడ వంకాయ కోసింది నువ్వు."

అన్ని మాటలు అతని నోట వరసగా ఎవరూ వినలేదు. మహాదేవమ్మ వెంటనే మాట మార్చింది.

"అట్లయితే వాళ్ళ వంశంలోనే ఉండాది. మా ఇంట్లో యాడిదీ? బయటినుంచి వచ్చిందే. తెచ్చినోళ్ళే తీస్కపోవల్ల."

"మా వంశంలోనా? మా ఇంట్లో పిల్లోల్లు ఉయ్యాల్లోనే మాట్లాడతారత్తా," అని శ్రీనివాసులు అందుకున్నాడు. "మా నాయన నిద్దర్లో గూడా ఆపడు. మా జేజి..." అతని నాయనమ్మ కథ ఎంతసేపు సాగేదో చెప్పలేం.

ఉరుకుందు ఆలోచించాడు. అతనికి మాటంటే మాటే, వెనక ఇంకో అర్థం ఉండదు. బయటినుంచి ఈ ఇంటికి వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకరు వరమ్మ, ఒకరు తను.

"మా నాయనకు ఏడేండ్లకు మాటొచ్చె," అన్నాడు. "నాకు ఆరేండ్లకు. మా మేనత్త సచ్చేదాంకా మాట్లాళ్ళేదు, చింతగింజలు పేర్చుకుంటా కూసునేది. పిల్లది మా తట్టు పోలిక. తెచ్చింది నేను."

బండిలోంచి వరమ్మ మూట తీసి అరుగు మీద పెట్టాడు. తాను ఎక్కి కూర్చున్నాడు.

"పాణ్యం కాడ దించప్పా," అన్నాడు. అది అతను పుట్టిన ఊరు.

"ఏమయ్యా, యాడికి పోతాండావు?" అంది మహాదేవమ్మ.

"నువ్వే అంటివి గదా, తీస్కపోవల్లని."

గొంతులో కోపం లేదు, అలకా లేదు. చెల్లెల్ని తీసుకుపోవడానికి వచ్చి చెల్లెలి మామను తీసుకుపోవాల్సి రావడంతో, ఆ వంశంలో మొదటిసారి ఒక మనిషికి మాట పడిపోయింది. శ్రీనివాసులు ఎద్దులను అదిలించాడు.

"వంక దాటకుండానే దిగొస్తాడులే," అంది మహాదేవమ్మ. బండి వంక దాటింది. పాణ్యం దారిలో దుమ్ము కూడా అణిగింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా తిట్టిన మనిషి ఎదురుగా లేకపోతే తిట్లను ఏం చేసుకోవాలో ఆమెకు తోచలేదు. ఆయనంటే తనకు ఇంత ఇష్టమని ఎవరైనా ముందే చెప్పి ఉంటే వాళ్ళనూ తిట్టి ఉండేది.

"మూట లోపల పెట్టు," అంది కోడలితో, మొహం చూడకుండా. "రేపటి రైలుకు నేనే పోయి పిల్చకస్తా. పిల్లను గూడా తీస్కపోతా. దాని మాటైతే ఇంటాడు."

"అది మాట్లాడదు గదత్తా," అంది వరమ్మ.

"ఆయప్పకు అంతే సాలు."

దీపాలవేళ ఆమె అలవాటు కొద్దీ అందరికంటే ముందు ఆయనకే వడ్డించేసింది. వడ్డించాక గుర్తొచ్చి, తీయడానికి చేతులు రాక, అట్లే వదిలేసి పోయింది. గోడ పక్కన సత్తు పళ్ళెంలో ఒక కొసన సంగటి ముద్ద, ఇంకో కొసన ఊరిబిండి పచ్చడి, ఒకటికొకటి తగలకుండా మధ్యలో నాలుగు వేళ్ళ ఖాళీ.